కిటికీ దగ్గర నలభై ఒకటి

తొమ్మిదో ఫోటో దగ్గర కోడలి చెయ్యి ఆగిపోయింది.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి, దాని మీద తెల్ల అట్ట, అట్ట మీద ఎనిమిది ఫోటోలు వరసగా అంటించి ఉన్నాయి. అన్నీ వీపులే. ఒక్క ముఖం లేదు. ముఖాలు పడితే రేపు మనమీదే కేసు పెడతారు, మనం మర్యాదస్థులం, వెనకనుంచే తీద్దాం అని పేట సంఘం తీర్మానించింది. ఆ తీర్మానం రాసింది అత్తగారే.

బట్టలు కుట్టేవాళ్ళకి మనుషులు ముఖాలకంటే వీపులతోనే ఎక్కువ తెలుస్తారన్న సంగతి మాత్రం ఆ సంఘంలో ఎవరికీ తట్టలేదు.

తొమ్మిదో ఫోటోలో బూడిదరంగు కోటు వేసుకున్న ఆడమనిషి. తలమీదికి టోపీ లాక్కుంది. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. అలా ఉండటానికి కోడలు కుడి భుజం లోపల రెండు పొరల దూది పెట్టి కుట్టింది. ఆ దూది అంచు దగ్గర, చంకకి కాస్త పైన, ఒక ముడత పడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా పోదు. ఫోటోలో ఆ ముడత కూడా పడింది.

కింద మందుల షాపాయన గుండ్రటి అక్షరాలు: "ఉదయం 7.10. నంబరు 41 అని పిలవగానే వచ్చిన మహిళ. బయటి మనిషి."

"ఏమ్మా, జిగురు ఆరిపోతోంది." అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఇది కొంచెం మసగ్గా ఉందత్తయ్యా. తీసేద్దామా?"

"పన్నెండు ఫోటోలు జతచేశామని అర్జీలో రాశాను. పదకొండు పెడితే అబద్ధం రాసినట్టవుతుంది."

"ఇంకోటేదైనా..."

"అంటించు."

కోడలు అంటించింది. గాలి బుడగలు లేకుండా గుడ్డతో అద్దింది కూడా. అలవాటైన చెయ్యి ఏ పనినీ సగంలో వదలదు.

వీధి చివర మూతబడ్డ గ్రంథాలయాన్ని నగరపాలక కార్యాలయం ఎనిమిది నెలల క్రితం మందుకేంద్రం చేసింది. మత్తు మందులకి అలవాటుపడ్డవాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి, ఒకప్పుడు పుస్తకాలిచ్చిన కిటికీ ముందు నిలబడి, కాంపౌండరు కళ్ళెదుటే, ఆ యావని అణిచే మందు చిన్న గ్లాసుడు తాగి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళాలి. ఎవరి వేళ వాళ్ళది. పేర్లు బయటపడకూడదని నంబర్లతో పిలుస్తారు. సంతకం కింద కూడా ఆ నంబరే వెయ్యాలి. పేట జనం దానికి పెట్టుకున్న పేరు 'కిటికీ'. వచ్చేవాళ్ళు కిటికీగాళ్ళు. చిన్నపిల్లలు "ముప్పై రెండూ!" అని అరుచుకుంటూ ఆడుకుంటున్నారని అర్జీలో నాలుగో పేరా.

ఇప్పుడా కేంద్రాన్ని శాశ్వతం చేసి, సాయంత్రాలు కూడా తెరుస్తామని కొత్త ఉత్తర్వు వచ్చింది. దానిమీద రేపు పదకొండు గంటలకి విచారణ. ఉత్తర్వులో 'ఈ పేట వాసుల అవసరం కోసం' అన్న ఒక్క ముక్క సంఘానికి దొరికింది. ఆ అవసరం ఉన్న మనిషి పేటలోనే లేడని తేలితే ఉత్తర్వు నిలవదు. అందుకే ఇంటింటికీ ఒక కాగితం తిరుగుతోంది. పెద్దవాళ్ళందరూ సంతకాలు పెట్టాలి. 'మా ఇంట్లో ఎవరూ ఈ కేంద్రానికి వెళ్ళడం లేదు.' అరవైమూడు ఇళ్ళలో అరవైరెండు కాగితాలు వచ్చాయి.

మిగిలింది సంఘం అధ్యక్షురాలైన అత్తగారి ఇల్లే.

"వదినా, టీ ఉందా?"

గదిలోంచి ఆడపడుచు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళొచ్చినా ఇంట్లో ఇంకా పిచ్చుకే. చిన్నప్పుడు తల్లి పెట్టిన ముద్దుపేరు. రెండున్నరేళ్ళ క్రితం బస్సు మెట్టుమీద జారిపడి భుజం విరగ్గొట్టుకుంది. నొప్పి టాబ్లెట్లు మొదట డాక్టరు రాసినన్ని, తర్వాత నొప్పి అడిగినన్ని, ఆ తర్వాత నొప్పి లేకపోయినా. ఏడాది తిరిగేసరికి మార్కెట్ వెనక నిలబడేవాడి దగ్గరికి వెళ్ళడం మొదలెట్టింది. అయిదు నెలలుగా కిటికీ మందు తాగుతోంది. అయిదు నెలలుగా నిద్రపోతోంది, తింటోంది, బస్ డిపోలో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చుని చిల్లర తప్పు లేకుండా ఇస్తోంది. పొద్దున్నే వాకింగ్ అని ఎడమవైపు బయల్దేరి, పార్కు చుట్టూ తిరిగి, కోటు వేసుకుని అటువైపునుంచి కిటికీ దగ్గరికి చేరుతుంది.

ఇంట్లో ఇది కోడలికొక్కదానికే తెలుసు. కోడలు అలాగే అనుకుంది.

పిచ్చుక అట్ట వంక చూసింది. తొమ్మిదో ఫోటో దగ్గర రెప్ప వెయ్యడం మానేసింది. తర్వాత ఏమీ జరగనట్టు వంటింట్లోకి నడిచింది. కోడలు వెనకే వెళ్ళి కొళాయి తిప్పింది, మాటలు బయటికి వినబడకుండా.

"చూశావా?"

"చూశాను. నడుం దగ్గర భలే కుట్టావు వదినా. వెనకనుంచి నేనింత బాగుంటానని తెలీదు."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"ఏడిస్తే ముక్కు ఎర్రబడుతుంది. అమ్మ అడుగుతుంది."

"కిటికీ తీసేస్తే ఏం చేస్తావు?"

"ఇంకో కేంద్రం ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. ఎనిమిదింటికి నేను కౌంటరు తెరవాలి."

"మందే మానేస్తే?"

"మానేస్తే రెండు బస్సులు అక్కర్లేదు. మార్కెట్ వెనకవాడు ఇంకా అక్కడే నిలబడుతున్నాడు. నడిచే వెళ్ళచ్చు."

కొళాయి నీళ్ళు కప్పు నిండి పొర్లాయి.

"పోనీ, రేపు విచారణలో చెప్పేద్దాం. పేటలో ఒక్కరున్నారని తేలితే చాలట కదా. నువ్వొక్కదానివి నిలబడితే—"

"నా పక్కన నువ్వు నిలబడతావా?"

కోడలు కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. పిచ్చుక ఆ కప్పు చేతిలోంచి తీసుకుని తనే టీ పోసుకుంది.

మందుల షాపాయన నాలుగింటికి వచ్చాడు. సంఘం కార్యదర్శి. చంకలో అట్టల ఫైలు, మెడలో కెమెరా. ఫోటోలు తీసేది ఆయనే, వాళ్ళ మేడ బాల్కనీలోంచి.

"అరవైమూడో ఇల్లు మీదే టీచరుగారూ. పరీక్ష పెట్టినవాళ్ళే ఆఖర్న పేపరిచ్చినట్టుంది."

"నా పేపరు ఎప్పుడూ నేనే ఆఖర్న దిద్దుకుంటాను. కూర్చోండి."

ఈ పేట బడిలో ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పింది. సంతకాలు పెట్టిన అరవైరెండు ఇళ్ళలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. సంతకాలు అంత తొందరగా రావడానికి కారణం కిటికీ మీద కోపం కొంత, టీచరమ్మంటే భయం చాలా.

కోడలి భర్త సోఫాలోంచి లేచి వచ్చాడు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. సొంతింట్లో ఏ ముల్లు ఎటు తిరుగుతోందో ఆయనకి పట్టదు. కాగితం చదవకుండానే సంతకం గీకాడు.

"చదవరా," అంది తల్లి.

"నువ్వు రాసిందేగా."

తర్వాత కాగితం కోడలి ముందుకి జరిగింది. 'మా ఇంట్లో ఎవరూ.' ఆమె అక్కడిదాకా చదివి ఆగింది. ఎదురుగా పిచ్చుక గోడకి ఆనుకుని టీ చప్పరిస్తోంది. ఈ ఒక్క సంతకం పెట్టకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే ఆ పిల్ల పరువు తన నోటిమీదుగా పోతుంది. ఇలా ఎంతో న్యాయంగా ఆలోచించి కోడలు సంతకం పెట్టేసింది. భయానికి న్యాయం తొడుగు వేసుకోవడం ఆమెకి కొత్త కాదు.

"పిచ్చుకా, నువ్వు," అంది తల్లి.

పిచ్చుక కప్పు పక్కన పెట్టి వంగింది. భుజం నొప్పి కాబట్టి కుడిచేతిని ఎడమచేత్తో ఆన్చుకుని రాస్తుంది. పేరు రాసింది. పేరు కింద చిన్న గీత గీసింది. గీత కింద 41 వేసింది.

అయిదు నెలలుగా ప్రతి పొద్దున్నా చేస్తున్న పనే. పేరు, గీత, నంబరు. చెయ్యి తన దారిన తాను రాసుకుపోయింది. కలం ఎత్తాక గానీ కళ్ళు దాన్ని చూడలేదు.



"ఇదేంటే? నలభై ఒకటేంటి?" అన్నాడు అన్న. "నీకు ముప్పై ఒకటేగా? అప్పుడే వయసు కూడా..."

మాట మధ్యలో ఆయన చూపు అట్టమీద పడింది. తొమ్మిదో ఫోటో మీద. దాని కింద గుండ్రటి అక్షరాల మీద.

మందుల షాపాయన దగ్గాడు. కెమెరా తాడు సర్దుకున్నాడు.

అత్తగారు కాగితం తీసుకుని కళ్ళజోడు కిందినుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చూసింది. ఆవిడ ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"తప్పు రాశావు," అంది. "ఇంకో ఖాళీ కాగితం ఉందా మీ దగ్గర?"

షాపాయన ఫైలు తెరిచి ఇచ్చాడు. ఆవిడ మొదటి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంది. కొత్తదాని మీద తన సంతకం పెట్టింది. కొడుకు పెట్టాడు, ఈసారి చదివి. కోడలు పెట్టింది. ఒకే అబద్ధం మీద, ఒకే సాయంత్రం, రెండోసారి.

"రాయి," అంది తల్లి. "పేరుతో ఆపు."

"అమ్మా—"

"పేరుతో ఆపు అన్నాను."

పిచ్చుక రాసింది. ఒకటో తరగతి పిల్లలా, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది.

షాపాయన కాగితం తీసుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. గొంతు తగ్గించాడు. "టీచరుగారూ, నేనేమీ చూడలేదు."

"సంతోషం. డాక్టరు చీటీ లేకుండా ఆ టాబ్లెట్లు మా పిల్లకి మీ షాపులో ఎన్నాళ్ళు అమ్మారో, అది నేనూ చూడలేదు."

ఆయన చెప్పులు తారుమారుగా వేసుకుని మెట్లు దిగాడు.

తలుపు పడగానే కొడుకు లేచాడు.

"అమ్మా, నీకు ముందే తెలుసా?"

"మూడు వారాల నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేసేవాడివి?"

ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

"తెలుసండీ."

"అంటే ఇంట్లో వెధవని నేనొక్కడినే అన్నమాట."

"అది కూడా నీకు అందరికంటే ఆలస్యంగానే తెలిసింది అన్నయ్యా," అంది పిచ్చుక.

పిచ్చుక కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది.

"ఎలా తెలిసిందమ్మా?"

"ఆయన ఫోటోలు తెచ్చి బల్లమీద పోసినప్పుడు. నడక నేర్పినదాన్ని, వీపు తెలీదా?"

"తెలిసే అంటించమన్నావా?"

"పన్నెండు కావాలి. బాగా వచ్చినవి పదకొండే ఉన్నాయి."

పిచ్చుక తల ఊపింది, లెక్క సరిపోయిందన్నట్టు.

"సరే. ఇప్పుడేం చేస్తావు?"

"ముందు ఆ మందు మాన్పిస్తాను. ఆ దరిద్రానికి బదులు ఈ దరిద్రం, అంతే కదా. పదిరోజులు వెనక గదిలో ఉంటావు. డిపోకి జ్వరమని సెలవు చీటీ రాసి పెట్టాను."

"దీన్ని ఒక్కసారిగా ఆపకూడదమ్మా. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. రెండేళ్ళు పట్టచ్చట. డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు? కిటికీలో కూర్చున్నవాడా?"

"ఒళ్ళంతా విరిచేసినట్టు ఉంటుంది. వాంతులవుతాయి. నేను చూశాను కదా, ఒకసారి పడ్డాను కదా."

"అవుతాయి. గదిలో బకెట్ పెట్టాను. తువ్వాళ్ళు రెండు."

మూడు వారాలుగా ఈవిడ బకెట్ గురించి ఆలోచిస్తూ తమతో కలిసి భోంచేసిందన్న సంగతి కోడలికి అప్పుడు తట్టింది. అన్నం వడ్డించింది, పిచ్చుకకి మజ్జిగ పోసింది, ఇంకాస్త వేసుకోమంది.

"అత్తయ్యా, అంత బాధ పడ్డాక మళ్ళీ ఆ మార్కెట్ వెనకవాడి దగ్గరికే పోతే? అలా పోయినవాళ్ళే చచ్చిపోతారట. పిల్ల చచ్చిపోతుంది అత్తయ్యా!"

"చావదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాల వెనక ఎప్పుడూ పెద్దగా కనబడే కళ్ళు ఒక్కసారిగా చిన్నవైపోయాయి. "ఒకవేళ పోతే పేటంతా వస్తుంది. పాపం టీచరమ్మ అంటుంది. ఇది బయటపడితే మాత్రం ఎవరూ రారు."

అన్నయ్య గోడ గడియారం వంక చూస్తున్నాడు. దాని కింద మీటరేదో ఉన్నట్టు.

"నేను వెళ్ళనమ్మా ఆ గదిలోకి," అంది పిచ్చుక నెమ్మదిగా. "ముప్పై ఒక్క ఏళ్ళు నాకు."

తల్లి సొరుగు లాగి రెండు కవర్లు తీసింది. బల్లమీద పక్కపక్కన పెట్టింది. రెండింటి మీదా డిపో మేనేజరు చిరునామా, ఒకే దస్తూరీ.

"ఇందులో జ్వరం ఉంది. ఇందులో నిజం ఉంది. నువ్వు గదిలో ఉంటే మొదటిది వెళుతుంది. బయట ఉంటే రెండోది."

పిచ్చుక రెండు కవర్లనీ చూసింది. డబ్బు లెక్కపెట్టే కౌంటరు దగ్గర ఇలాంటి మనిషిని ఎవరూ ఒక్క పూట ఉంచరు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"దస్తూరీ ఎంత బావుంటుందో నీది," అంది లేస్తూ. గది దాకా వెళ్ళి గుమ్మంలో ఆగింది. "తలుపు నేనే వేసుకోనా?"

"నేను వేస్తాను."

తాళంచెవి ఆవిడ కళ్ళజోడు తాడుకి గుచ్చుకుంది. మెడలో వేసుకుంటే గుండెలమీద చిన్నగా టిక్కుమంది.

పొద్దున్న ఏడు కొట్టేసరికి కోడలు మిషను ముందు కూర్చుని ఉంది. సూదిలో దారం ఉంది గానీ కింద బట్ట లేదు.

అత్తగారు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని విచారణకి తయారైంది. అరవైమూడు కాగితాలు ఫైల్లో సర్దుతోంది. అట్ట గోడకి ఆనించి ఉంది. భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

వెనక గదిలోంచి తలుపుమీద వేలితో తట్టిన చప్పుడు.

"వదినా, ఏడైందా?"

కోడలు అత్తగారి వంక చూసింది. అత్తగారు కాగితాల వంక చూసింది.

"అయింది పిచ్చుకా."

"చలేస్తోంది. కోటు బయటే ఉండిపోయింది."

కోటు ముందుగదిలో కొక్కేనికి వేలాడుతోంది. ఎవరూ లేవలేదు.

ఏడూ పది. ఆరిళ్ళ అవతలినుంచి కాంపౌండరు గొంతు తెరలు తెరలుగా వచ్చింది. రోజూ వినేదే. ఇవాళ మాత్రం ఇంట్లోకి వచ్చి నిలబడినట్టుంది.

"నలభై ఒకటి!"

భర్త చేతిలో రేజరు చెంపమీద ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది.

"నలభై ఒకటీ!"

వెనక గదిలోంచి, బళ్ళో హాజరు పలికినట్టు, స్పష్టంగా ఒక మాట వినబడింది.

"ఉన్నాను."

ముప్పై ఒక్క ఏళ్ళు హాజరు వేసిన చెయ్యి ఫైలు తాడు మీద ఒక్క క్షణం నిలిచింది. అంతే. తాడు ముడి పడింది.

మూడుసార్లు పిలుస్తారు. పలకకపోతే ఆ రోజుకి మందు లేదు. వరసగా మూడు రోజులు రాకపోతే పేరు తీసేస్తారు. మళ్ళీ చేరాలంటే నెలల తరబడి కాచుకోవాలి. పిచ్చుక ఒకప్పుడు కాచుకున్న ఆ నెలలు కోడలికి గుర్తున్నాయి. ఇంట్లో ఎవరూ లేని వేళ స్నానాల గది గడియ ఊడగొట్టి, స్పృహ లేకుండా పడి ఉన్న పిచ్చుకని లేపిన రోజు మరీ గుర్తుంది.

కోడలు లేచింది.

"ఎక్కడికి?" అంది అత్తగారు.

"దారం అయిపోయింది."

"షాపులు తెరవలేదింకా."

"కిటికీ తెరిచారు."

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. వెనకనుంచి భర్త "ఏయ్" అన్నాడు. నురగ నోట్లోకి పోయిందేమో, ఇంకేమీ అనలేదు.

ఆరిళ్ళు. ఒక్కో గేటు దగ్గర ఒక్కో మనిషి. విచారణ రోజు కదా, అందరూ త్వరగానే లేచారు. "టీచరమ్మగారి కోడలేంటి అటు పోతోంది?" అన్న మాట ఒక గేటు దగ్గర మొదలై తర్వాతి గేటుకి ఆమెకంటే ముందే చేరింది. ఎదుటి మేడ బాల్కనీలో మందుల షాపాయన ఆఖరి ఫోటోల కోసం కెమెరా పట్టుకుని నిలబడ్డాడు.

కిటికీ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆమెని చూసి పక్కకి జరిగారు. లోపల కాంపౌండరు చిన్న గ్లాసులో కొలిచిన మందు పట్టుకుని ఉన్నాడు. ఊరికి ఆ చివరినుంచి వస్తాడు. పేటలో ఎవరు ఎవరో ఆయనకి తెలీదు.

"నలభై ఒకటి మీరు కాదు కదమ్మా."

"కాదండీ. ఆ మనిషి రాలేదు. రావాలని ఉంది, కానీ రానివ్వడం లేదు."

"ఎవరు?"

కోడలు నోరు విప్పేలోగా వెనక చెప్పుల చప్పుడు వినబడింది. తొందర లేని నడక. పిల్లలు అల్లరి చేస్తున్న తరగతి గదిలోకి వచ్చే నడక. వరసలో ఉన్న మనుషులు తెలియకుండానే సర్దుకుని నిలబడ్డారు.

అత్తగారు కోడలిని భుజంతో పక్కకి నెట్టి కిటికీ ముందుకి వచ్చింది.

"నలభై ఒకటి ఇక రాదు. ఆ నంబరు కొట్టేయండి."

కాంపౌండరు గ్లాసు కింద పెట్టాడు. "అలా ఎవరో వచ్చి చెబితే కొట్టెయ్యకూడదమ్మా."

"నేను చెబుతున్నాను."

"మీరు చెబుతున్నారు, సరే. ఇంటివాళ్ళు చెబితేనే మేం రాసుకునేది." ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకుని, నలభై ఒకటి ఉన్న గీత మీద వేలు పెట్టి, కలం మూత తీశాడు. "ఊఁ, చెప్పండి. ఆ మనిషికి మీరు ఏమవుతారు?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ పేటలో ఆవిణ్ణి అలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

అత్తగారు తల తిప్పి చూసింది. గేట్ల దగ్గర మనుషులు. వాళ్ళ ముఖాలన్నీ ఆవిడకి తెలిసినవే. వాళ్ళందరి సంతకాలూ ఇంట్లో బల్లమీద ముడివేసిన ఫైల్లో ఉన్నాయి. ఒక్క మాట చెబితే నంబరు పోతుంది, దాంతో పాటు ఆ ఫైలూ పోతుంది. చెప్పకపోతే నంబరు అలాగే ఉంటుంది. రేపు ఏడూ పదికి మళ్ళీ పిలుస్తారు.

ఆవిడ చెయ్యి మెడలో తాడు దాకా వెళ్ళి తాళంచెవిని పిడికిట్లో బిగించింది.

నిన్నటిదాకా అయితే ఆ ముఖం చూసి కోడలే ఏదో ఒకటి కల్పించి చెప్పి ఆవిణ్ణి గట్టెక్కించేది. ఇవాళ ఒక అడుగు పక్కకి వేసి, అందరికీ వినబడేలా అంది.

"అడుగుతున్నారు కదా, చెప్పండత్తయ్యా. ఏమవుతారు?"

కాంపౌండరు కలం గడిమీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఎదుటి మేడమీద కెమెరా క్లిక్కుమంది. వెనకనుంచే.

టీచరమ్మ నోరు తెరిచింది.